బీమ్ కొనేముందు పక్క రేడియోని అడగండి

వానలు తగ్గుముఖం పట్టేసరికి మా హ్యామ్ (సరదా రేడియో) మిత్రుల మధ్య ప్రతి ఏడాదీ ఒకే చర్చ. ఈసారి ఏ యాంటెన్నా ఎక్కిద్దాం? మూడు ఎలిమెంట్ల (అడ్డ కడ్డీల) యాగీ, అంటే ఒకే దిక్కుకి పంపే బీమ్ చాలా, ఐదుది కావాలా? టవర్ ఎంత ఎత్తు లేపుదాం? లీనియర్, అంటే సిగ్నల్ శక్తి పెంచే యాంప్లిఫయర్, ఎవరి దగ్గర దొరుకుతుంది? అక్టోబర్ చివరి వారాంతంలో సీక్యూ వరల్డ్‌వైడ్ మాటల పోటీ, నవంబర్ చివరి వారాంతంలో మోర్స్ పోటీ ఉంటాయి కాబట్టి ఈ ప్రశ్నలు రావడం సహజమే. నా గొడవల్లా వీటి వరస గురించి. ఒకే తోటలో రెండు రేడియోలు ఒకేసారి పనిచేయాలనుకున్నప్పుడు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఒక రేడియో సిగ్నల్ పంపుతుంటే పక్క రేడియోకి ఏమైనా వినపడుతుందా? దీనికి జవాబు దొరికాక బీమ్ గురించి ఎంతసేపు మాట్లాడుకున్నా నాకు అభ్యంతరం లేదు.

హ్యామ్ రేడియో కొత్తవాళ్ల కోసం పోటీ సంగతి క్లుప్తంగా చెప్తాను. సీక్యూ వరల్డ్‌వైడ్ అన్నిటికన్నా పెద్ద పోటీల్లో ఒకటి. శనివారం మన టైము ఉదయం 5:30కి మొదలై సోమవారం ఉదయం 5:30 దాకా 48 గంటలు సాగుతుంది. 160, 80, 40, 20, 15, 10 మీటర్లు, మొత్తం ఆరు బ్యాండ్లు, అంటే తరంగదైర్ఘ్యం పేరుతో పిలిచే ఫ్రీక్వెన్సీ పట్టీలు. మాట్లాడిన ప్రతి స్టేషనుకూ పాయింట్లు. ప్రతి బ్యాండ్ మీదా దొరికిన కొత్త దేశం, కొత్త జోన్ (ప్రపంచ పటంలో ఒక భాగం) మల్టిప్లయర్ల కింద లెక్క. పాయింట్లను మల్టిప్లయర్లతో గుణిస్తే స్కోరు వస్తుంది. ఒంటరిగా ఆడొచ్చు, జట్టుగానూ ఆడొచ్చు. జట్టు ఆటలో మల్టీ-టూ అనే విభాగంలో ఒకే సమయంలో రెండు వేర్వేరు బ్యాండ్ల మీద రెండు సిగ్నళ్లు పంపొచ్చు. మల్టీ-మల్టీలో ఆరు బ్యాండ్ల మీదా ఆరు. సరంజామా అంతా 500 మీటర్ల వ్యాసం ఉన్న వృత్తం లోపలే ఉండాలి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

కొంచెం లెక్క వేద్దాం. మన దేశంలో జనరల్ గ్రేడ్ లైసెన్సుకి 400 వాట్ల దాకా వీలుంది. మీరు 400 వాట్లు పంపారు, అందులో వెయ్యో వంతు మాత్రమే పక్క యాంటెన్నా పట్టుకుంది అనుకోండి. వెయ్యో వంతు అంటే ఎంతలే అనిపిస్తుంది. 0.4 వాట్లు. 50 ఓమ్‌ల కేబుల్లో అది దాదాపు నాలుగున్నర వోల్టులు. సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు మీద ఎస్-9 చూపించే బలమైన సిగ్నల్ రిసీవర్ దగ్గర 50 మైక్రోవోల్టులు. అంటే పక్క రేడియో వినాలనుకుంటున్న మంచి సిగ్నల్ కన్నా దాదాపు 90 వేల రెట్ల వోల్టేజీ దాని గుమ్మంలో వచ్చి నిలబడుతుంది. అది వేరే బ్యాండ్ కావచ్చు, రిసీవర్ ట్యూన్ అయింది ఇంకోచోట కావచ్చు. అయినా ఆ ముందు భాగంలోని సర్క్యూట్లు అంత వోల్టేజీని తట్టుకోలేక చేతులెత్తేస్తాయి. పెళ్లిలో డోలు పక్కనే కూర్చుని ఫోన్లో అవతలివాళ్ల గుసగుసలు వినడానికి ప్రయత్నించినట్టు ఉంటుంది ఆపరేటర్ పరిస్థితి.

"లీనియర్ పెట్టండి, అన్నీ అవే సర్దుకుంటాయి" అనే పెద్దాయన ప్రతి క్లబ్బులోనూ ఒకరుంటారు. మా దగ్గరా ఉన్నారు, మోర్స్‌లో ఆయన చెవి ముందు మేమెవరం పనికిరాం. ఆయనతో నేనన్నది ఇంతే: "మాస్టారూ, లీనియర్ పెడితే మనం వాళ్లకి వినపడతాం, నిజమే. వాళ్లు మనకి వినపడాలిగా!" పంపే శక్తి నాలుగు రెట్లు పెంచితే అవతలి ఊళ్లో మన సిగ్నల్ 6 డీబీ (డెసిబెల్) పెరుగుతుంది. పక్క టేబుల్ మీదున్న మన సొంత రేడియోకి పడే దెబ్బ కూడా అంతే పెరుగుతుంది. ఒక్క రేడియోతో ఆడేవాళ్లకి ఈ బాధ లేదు. ఒంటరి ఆటలో నేర్చుకున్న పాఠాలను జట్టు ఆటకి అలాగే తెచ్చుకోవడం వల్లే మన దగ్గర చాలా జట్లు ఆదివారం మధ్యాహ్నానికి "సరే, ఒక రేడియో కాసేపు ఆపుదాం" అనే స్థితికి వస్తాయని నా అనుమానం.

పక్క రేడియో చెవుడు ఒకటే రకం అనుకుంటే పొరపాటు. కనీసం మూడు రకాలు ఉన్నాయి, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. మొదటిది పైన చెప్పిన ఓవర్‌లోడ్. దీనికి రిసీవర్ ముందు బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెడితే చాలా వరకు తగ్గుతుంది. 20 మీటర్ల ఫిల్టర్ 14 మెగాహెర్ట్జ్‌ని రానిచ్చి 7ని, 21ని బయటే ఆపుతుంది. రెండోది హార్మోనిక్స్. 40 మీటర్ల బ్యాండ్‌లో 7.012 మెగాహెర్ట్జ్ మీద పంపితే దాని నీడలు 14.024 మీద, 21.036 మీద, ఇంకా పైన పడతాయి. ఆ నీడ 20 మీటర్ల రిసీవర్ వింటున్న బ్యాండ్ లోపలే పడుతుంది. కాబట్టి రిసీవర్ దగ్గర ఎంత గొప్ప ఫిల్టర్ పెట్టినా దాన్ని ఆపలేదు, ఎందుకంటే అది లోపలికి రానివ్వాల్సిన చోటే ఉంది. మూడోది ట్రాన్స్‌మిటర్ తన ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ చల్లే సన్నటి రొద. పాత రిగ్గుల్లో (రేడియో సెట్లలో) ఇది ఎక్కువ. ఆ రొదలో పక్క బ్యాండ్లో పడే భాగాన్ని కోయాలంటే రిగ్గు వెనక ఫిల్టర్ పెట్టాలి. ఒకే బ్యాండ్ లోపలైతే దాన్ని వదిలించుకోవడం దాదాపు అసాధ్యం.

హార్మోనిక్ చిన్నదే కదా అనకండి. 100 వాట్ల రిగ్గు రెండో హార్మోనిక్‌ని 50 డీబీ తగ్గించి పంపిందనుకుందాం, అది మర్యాదస్తురాలైన రిగ్గు కిందే లెక్క. అంటే 1 మిల్లీవాట్ మిగిలింది. అందులో వెయ్యో వంతు పక్క యాంటెన్నాకి చేరితే 1 మైక్రోవాట్, అంటే దాదాపు 7 మిల్లీవోల్టులు. ఎస్-9 కన్నా 140 రెట్లు! రుమేనియా నుంచో ఫిన్లాండ్ నుంచో వస్తున్న సన్నటి సిగ్నల్ మీద ఇది కూర్చుంటే ఆ కాంటాక్ట్ పోయినట్టే.

దీనికి చవకైన మందు ఉంది, అదే నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు: స్టబ్. రిగ్గు లేదా లీనియర్ అవుట్‌పుట్ దగ్గర ఒక టీ కనెక్టర్ పెట్టి, దానికి పక్కగా ఒక కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) ముక్క తగిలించి, ఆ ముక్క చివర లోపలి తీగనీ బయటి అల్లికనీ కలిపి షార్ట్ చేయాలి. పొడవు 7 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం ఉండాలి. ఆర్‌జీ-213 కేబుల్లో సిగ్నల్ వేగం కాంతివేగంలో 0.66 వంతే కాబట్టి ఆ ముక్క దాదాపు 7 మీటర్లు వస్తుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది అసలు అక్కడ లేనట్టే ఉంటుంది. 14 దగ్గర అదే ముక్క సగం తరంగం అవుతుంది, అప్పుడు చివర ఉన్న షార్ట్ టీ దగ్గరే ఉన్నట్టు కనపడుతుంది. 14 మెగాహెర్ట్జ్ నీడ అక్కడే చచ్చిపోతుంది. ఒక ముక్కతో 25 డీబీ దాకా లాభం. కొనాల్సిందల్లా కేబుల్ ముక్క, కనెక్టర్లు. కొంచెం పొడవుగా కత్తిరించి, యాంటెన్నా అనలైజర్‌తో చూసుకుంటూ పొట్టి చేసుకోవాలి. ఇంత చవకైన, ఇంత నమ్మకమైన పరికరం మన క్లబ్బుల్లో ఎందుకు కనపడదో నాకు అర్థం కాదు. బహుశా టవర్ మీద కనపడదు కాబట్టి, ఫొటోలో రాదు కాబట్టి.

ఒక మెలిక ఉంది. ఇదే స్టబ్ మూడో హార్మోనిక్‌ని ఏమీ చేయలేదు. 21 మెగాహెర్ట్జ్ దగ్గర అది ముప్పావు తరంగం, అంటే మళ్లీ లేనట్టే. అందుకే 40 మీటర్లు, 15 మీటర్లు కలిపి నడిపే జట్టుకి ఆ జంట కోసం వేరే స్టబ్బో ఫిల్టరో కావాలి. 20కీ 15కీ మధ్య హార్మోనిక్ చుట్టరికం లేదు. 15కీ 10కీ లేదు. 10 మీటర్ల పాపం మాత్రం చాలా పాతది: 80, 40, 20 మూడింటి నీడలూ వచ్చి దాని మీదే పడతాయి. మల్టీ-టూ ఆడే జట్టు ఏ గంటలో ఏ రెండు బ్యాండ్లు అన్న పట్టిక వేసుకునేటప్పుడు, తరంగాలు ఎటు తెరుచుకుంటాయన్నదాంతో పాటు ఈ చుట్టరికాలు కూడా చూసుకోవాలి.

ఇక స్థలం. చాలామంది యాంటెన్నాల మధ్య దూరం పెంచితే చాలు అనుకుంటారు. దూరం మంచిదే, కానీ ఖరీదైనది. దూరం రెట్టింపు చేస్తే రమారమి 6 డీబీ కలిసొస్తుంది. అదే సమయంలో కేబుల్ పొడవూ పెరుగుతుంది. ఆర్‌జీ-213 లాంటి కేబుల్ 50 మీటర్లు లాగితే 28 మెగాహెర్ట్జ్ దగ్గర 2 డీబీకి దగ్గరగా నష్టం, అంటే శక్తిలో మూడో వంతుకు పైగా కేబుల్లోనే వేడెక్కి పోతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం ఇందులో సగమే. అందుకని పెద్ద తరంగాల యాంటెన్నాలని దూరంగా తోట చివరకి పంపి, 10, 15 మీటర్లవి రేడియో టేబుల్‌కి దగ్గరగా ఉంచడం తెలివైన పని. మన దగ్గర దీనికి తలకిందులుగా చేస్తారు. బీమ్ అందంగా ఉంటుంది కాబట్టి దాన్ని తోట మధ్యలో ఎత్తుగా నిలబెట్టి, 40 మీటర్ల డైపోల్ తీగ యాంటెన్నాని షెడ్డు పక్క వేపచెట్టుకి కడతారు.

దూరం కన్నా దిక్కు ఎక్కువ పనిచేస్తుంది. యాగీ ముందుకి బలంగా పంపుతుంది, పక్కలకి దాదాపు పంపదు. రెండు యాగీలు ఒకదాన్నొకటి పక్కవాటంగా చూసుకునేలా నిలబెడితే వాటి మధ్య లీకు బాగా తగ్గుతుంది. హైదరాబాద్ నుంచి లెక్క వేసి చూడండి. జర్మనీ దిక్కు ఉత్తరం నుంచి గడియారం తిరిగే వైపుగా 318 డిగ్రీలు, అంటే వాయవ్యం. న్యూయార్క్ 337. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మూడు ఎలిమెంట్ల యాగీ ముందు వెడల్పు 60 డిగ్రీలకి అటూఇటూగా ఉంటుంది కాబట్టి 325 దగ్గర బిగించేస్తే యూరప్ మొత్తం, అమెరికా తూర్పు తీరం రెండూ కవర్ అయిపోతాయి. యాంటెన్నాని తిప్పే రొటేటర్ అవసరమే లేదు! వారాంతం కోసం వేసే స్టేషన్లో రొటేటర్ అంటే ఇంకో కేబుల్, ఇంకో కంట్రోలర్, పాడవడానికి ఇంకో వస్తువు.

అప్పుడు యాగీల మాస్టులన్నీ ఆ దిక్కుకి అడ్డంగా, అంటే నైరుతి నుంచి ఈశాన్యానికి గీసిన గీత మీద వరసగా పాతుకోవాలి. అన్నీ వాయవ్యం చూస్తూ ఒకదానికొకటి పక్క చూపిస్తాయి. ఇంతవరకూ బాగుంది. కానీ టోక్యో దిక్కు 58 డిగ్రీలు, దాదాపు ఆ గీత వెంబడే! జపాన్ కోసం ఏ బీమ్‌ని తిప్పినా అది నేరుగా పక్క మాస్టు ముఖం మీదికి పంపుతుంది. పొద్దున్నే 15 మీటర్లలో జపాన్ స్టేషన్లు వరసకట్టి పిలుస్తుంటే తిప్పకుండా ఉండటం కష్టం, నాకు తెలుసు.

ఇక్కడ పోటీ నియమాలు మనకి దారి చూపిస్తాయి. వేరే ఖండం స్టేషన్‌కి 3 పాయింట్లు, మన ఖండంలోనే వేరే దేశానికి 1 పాయింట్. జపాన్ ఆసియాలో ఉంది, మనమూ ఆసియాలోనే ఉన్నాం. అంటే మూడు జపాన్ కాంటాక్టుల శ్రమ ఒక యూరప్ కాంటాక్టుకి సమానం. మల్టిప్లయర్ కోసం జపాన్ కావాలి, కొంత రేటు (గంటకి ఎన్ని కాంటాక్టులు) కోసమూ కావాలి. కానీ స్టేషన్ జ్యామితి మొత్తాన్ని దాని కోసం మార్చాల్సిన పనిలేదు. జపాన్ వైపు ఒక రెండు ఎలిమెంట్ల వైర్ యాంటెన్నా, గీత ఈశాన్యపు చివరన, బయటికి చూస్తూ కట్టేయండి. అది ఎవరి ముఖం మీదికీ పంపదు. మన పోటీ చర్చల్లో అందరూ ఎంత గెయిన్ (కావాల్సిన దిక్కున పెరిగే బలం) అని అడుగుతారు కానీ, ఒక్కో దిక్కు నుంచి ఎన్ని పాయింట్లొస్తాయో కాగితం మీద రాసుకుని దాని ప్రకారం మాస్టు గుంతలు తవ్విన జట్టుని నేనైతే చూడలేదు.

ఎత్తు మీద ఇంకో మూఢనమ్మకం ఉంది: ఎంత ఎత్తయితే అంత మంచిది. అడ్డంగా ఉండే యాంటెన్నాకి ఎత్తుని మీటర్లలో కొలిచి లాభం లేదు, తరంగదైర్ఘ్యంలో కొలవాలి. సగం తరంగం ఎత్తులో ఉంటే దాని ప్రధాన పుంజం 30 డిగ్రీల కోణంలో లేస్తుంది. ఒక తరంగం ఎత్తులో ఉంటే 14, 15 డిగ్రీలకి దిగుతుంది. ఇప్పుడు 12 మీటర్ల మాస్టు తీసుకోండి, జీఐ పైపులతో నలుగురు మనుషులు లేపగలిగేది. 10 మీటర్ల బ్యాండ్‌కి అది ఒక తరంగం కన్నా ఎక్కువ, కోణం 13 డిగ్రీలు, అద్భుతం. 15 మీటర్లకి 17 డిగ్రీలు, చాలా బాగుంది. 20 మీటర్లకి 26, పర్వాలేదు. 40 మీటర్లకి 60 డిగ్రీలు దాటిపోతుంది, అంటే సిగ్నల్ ఎక్కువ భాగం నెత్తి మీదికి పోతుంది. తమిళనాడు, మహారాష్ట్ర మిత్రులు మీ సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందంటారు. వాళ్లు మన దేశంలోనే ఉన్నారు కాబట్టి పాయింట్లు సున్నా.

కాబట్టి 40, 80 మీటర్లకి ఏడు వేల కిలోమీటర్ల అవతల ఉన్న జర్మనీ కావాలనుకుంటే డైపోల్‌ని ఇంకో నాలుగు మీటర్లు పైకి లాగడం వృథా శ్రమ. నిలువు యాంటెన్నా వేయండి. 40 మీటర్లకి పది మీటర్ల వెదురు గెడ, దాని వెంట ఒక తీగ, అడుగున నేల మీద పరిచిన రేడియల్ తీగలు చాలు. వీలైనన్ని రేడియల్స్ పరవాలి, ఎండిన ఎర్రనేల అయితే ఇంకా ఎక్కువ. 80 మీటర్లకి ఇరవై మీటర్ల గెడ దొరకదు కాబట్టి పైకి వెళ్లినంత వెళ్లి మిగతాది అడ్డంగా వంచేసే ఇన్వర్టెడ్-ఎల్ సరిపోతుంది. కొబ్బరితోట అయితే ఈ పని హాయిగా అయిపోతుంది, చెట్లే మాస్టులు. ఇందులో రెండో లాభం కూడా ఉంది: కింది బ్యాండ్లు నిలువు, పై బ్యాండ్లు అడ్డం అయినప్పుడు వాటి మధ్య లీకు మరికొంత తగ్గుతుంది. ఒకే నిర్ణయం దూరం సిగ్నల్‌కీ, పక్క రేడియోకీ రెండింటికీ మేలు చేసే సందర్భాలు తక్కువ. ఇది అలాంటిది.

"నిలువు యాంటెన్నా అయితే సముద్రం ఒడ్డున వేయాలి, ఉప్పునీరు ఉండాలి" అని ఎవరో ఒకరు కోస్తా బీచ్ పేరెత్తుతారు. ఉప్పునీటి మహిమ నిజమే. నిలువు యాంటెన్నా ముందు సముద్రం ఉంటే చాలా కింది కోణాల్లో సిగ్నల్ బలంగా వెళుతుంది. కానీ మన బంగాళాఖాతం ఏ దిక్కున ఉంది? తూర్పున, ఆగ్నేయాన. అటు ఇండోనేషియా, ఆస్ట్రేలియా. యూరప్, అమెరికా వైపు చూస్తే ఇసుక, సరుగుడు తోటలు, హైవే. పైగా అక్టోబర్, నవంబర్ నెలలు మన తీరానికి తుఫాను కాలం. మల్టిప్లయర్ల కోసం ఒక బ్యాచ్ సరదాగా బీచ్‌కి వెళ్లొచ్చు గానీ, మొత్తం స్టేషన్‌ని అక్కడికి మోసుకెళ్లడం దండగ.

వినడం గురించి ఇంకో మాట. 80, 160 మీటర్లలో పంపే యాంటెన్నాతోనే వినాలని ఎక్కడా రాసి లేదు. 1921 డిసెంబర్‌లో అమెరికన్ హ్యాముల సిగ్నళ్లు అట్లాంటిక్ దాటుతాయా అని చూడటానికి పాల్ గాడ్లీ స్కాట్లండ్‌లోని ఆర్డ్రోసన్‌లో గుడారం వేసుకుని కూర్చున్నప్పుడు ఆయన వాడింది బెవరేజ్ యాంటెన్నా: నేలకి కాస్త ఎత్తులో పొడవుగా లాగిన తీగ. దాని గెయిన్ అధ్వాన్నం. కానీ అది ఒక్క దిక్కునే వింటుంది, మిగతా దిక్కుల రొదని వదిలేస్తుంది. చిన్న సిగ్నల్ వినడానికి కావాల్సింది అదే. వాయవ్యంగా నూట అరవై మీటర్ల తీగ లాగాలంటే పక్క పొలం రైతుని బతిమాలుకోవాలి, గేదెలు తెంపకుండా చూసుకోవాలి. స్థలం లేకపోతే తీగ చట్రంలాంటి చిన్న ఫ్లాగ్ యాంటెన్నా అయినా కట్టుకోవచ్చు. పంపే యాంటెన్నాలకి దూరంగా, వాటి రొదకి దూరంగా ఒక చెవి ఉండాలి.

తోటలోకి దిగాక ఇంకో శత్రువు ఎదురవుతుంది: తుప్పు. పాత ఇనప రేకుల షెడ్డు, ముళ్లకంచె, బోరు పైపు మీద వదులైన క్లాంపు... రెండు లోహాలు తుప్పు మధ్యలో పెట్టుకుని తాకుతుంటే అది డయోడ్ లాగా పనిచేస్తుంది. మీరు రిగ్గు దగ్గర స్టబ్బులు పెట్టి శుభ్రం చేసి పంపిన సిగ్నల్‌ని ఆ రేకు పట్టుకుని, కొత్త హార్మోనిక్స్ తయారు చేసి మళ్లీ గాల్లోకి వదులుతుంది. అందుకని స్థలం చూడటానికి వెళ్లినప్పుడు నేను ముందు రేకులనీ కంచెలనీ చూస్తాను, తర్వాత పదకొండు కేవీ లైన్ ఎంత దూరంలో ఉందో చూస్తాను. కరెంటు లైను విషయం వినడానికే కాదు, ప్రాణానికీ సంబంధించింది. మాస్టు పొరపాటున ఎటు పడినా, దాని పూర్తి పొడవు పడినా, తీగలకి అందకూడదు. ఇందులో "కొంచెం సర్దుకుందాం" అనే మాట పనికిరాదు. సోలార్ పంపు ఇన్వర్టర్లు, చవక ఎల్ఈడీ బల్బులు చేసే రొద కూడా ముందురోజు రాత్రే ఒక చిన్న రేడియో పట్టుకుని తిరిగి కనుక్కోవచ్చు. తోట యజమానిని అడిగి రెండు రోజులు ఆ బల్బులు ఆపించుకోవడం సులభం.

కేబుల్ బయటి అల్లిక మీద పాకే కరెంటు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆ కరెంటుని ఆపే చోక్ లేని ఫీడర్ (యాంటెన్నా కేబుల్) తానే ఒక యాంటెన్నా అయిపోతుంది, ఎక్కడో తోట చివర పట్టుకున్నది తెచ్చి టేబుల్ మీద పోస్తుంది. 31 నంబరు ఫెరైట్ రింగు మీద కోయాక్స్ కొన్ని చుట్లు చుట్టి ప్రతి యాంటెన్నా ఫీడ్ దగ్గరా పెట్టేస్తే ఆ తలనొప్పి చాలావరకు పోతుంది.

ఇంత చెప్పాక వచ్చే ఎదురువాదం నాకు తెలుసు. పెన్సిల్వేనియాలో కే3ఎల్ఆర్ లాంటి మల్టీ-మల్టీ స్టేషన్లు ఎత్తైన టవర్లు, ఒకదాని మీద ఒకటి పేర్చిన యాగీలు లేకుండానే గెలుస్తున్నాయా? లేదు. అల్యూమినియం గెలిపిస్తుంది, కాదనను. కానీ ఆ స్టేషన్లలో టవర్ వెనక కనపడనిది ఇంకొకటి ఉంది: ప్రతి బ్యాండ్‌కీ ఫిల్టర్లు, స్టబ్బులు, ఏ రెండు యాంటెన్నాల మధ్య ఎంత లీకు ఉందో ఏళ్ల తరబడి కొలిచి దిద్దుకున్న పద్ధతి. మనం ఫొటోలో కనపడే సగాన్ని అనుకరించి, కనపడని సగాన్ని వదిలేస్తున్నాం. ఆ సగమే మనకి అందుబాటు ధరలో ఉంది.

ఇంకో రుజువు కావాలంటే డబ్ల్యూఆర్‌టీసీ (వరల్డ్ రేడియోస్పోర్ట్ టీమ్ ఛాంపియన్‌షిప్) చూడండి. 1990లో సియాటెల్‌లో మొదలైన ఈ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇద్దరిద్దరి జట్లు పోటీ పడతాయి. 2014లో న్యూ ఇంగ్లండ్‌లో, 2018లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో అందరికీ ఒకేలాంటి యాంటెన్నాలు ఇచ్చారు, శక్తి 100 వాట్లు దాటకూడదు. న్యూ ఇంగ్లండ్‌లో టవర్ ఎత్తు 12 మీటర్లే. 20, 15, 10 మీటర్లకి ఒకే బీమ్, దాన్ని ట్రిప్లెక్సర్ అనే పెట్టెతో విడదీసి రెండు రేడియోలు పంచుకోవడం. ఒకే యాంటెన్నా మీద రెండు రేడియోలు, ఫిల్టర్ల బలంతో! ఇంతకన్నా దగ్గరగా రెండు రేడియోలని కూర్చోబెట్టడం సాధ్యం కాదు. అది అక్కడ పనిచేస్తే, ఎకరం తోట ఉన్న మనకి పనిచేయకపోవడానికి కారణం లేదు.

పోటీ ఎందుకయ్యా, సరదానే కదా అనేవాళ్లూ ఉన్నారు. సరదానే. అయితే 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి జట్టు అండమాన్‌కి వెళ్లిందీ ప్రపంచంలోని హ్యాములతో కాంటాక్టుల కోసమే. 26న సునామీ వచ్చింది. సరదాగా కట్టుకున్న యాంటెన్నాలే ఆ తర్వాత దీవులకీ బయట ప్రపంచానికీ మధ్య సమాచారం మోశాయి. విపత్తు వేళ ఒకే మేడ మీద రెండు మూడు రేడియోలు వేర్వేరు ఊళ్లతో మాట్లాడాల్సి వస్తే ఇదే చెవుడు ఎదురవుతుంది, అప్పుడు స్టబ్ కత్తిరించే తీరిక ఎవరికీ ఉండదు.

వచ్చే సీజన్ల గురించి నా లెక్క ఇది. సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే 25వ సౌర చక్రం 2024లో గరిష్ఠానికి చేరింది, ఇక దిగుడే. మచ్చలు తగ్గేకొద్దీ 10 మీటర్ల బ్యాండ్ ఏడాదికేడాది ముందుగా మూసుకుంటుంది, కొన్నేళ్లకి చాలా రోజులు తెరుచుకోదు కూడా. సాయంత్రాలు 15, 10 మీటర్ల మీద హాయిగా నడిచిన జట్లు 20కీ 40కీ దిగాల్సి వస్తుంది, రాత్రంతా 40, 80 మీద ఉండాల్సి వస్తుంది. అంటే హార్మోనిక్ చుట్టరికం లేని జంటల నుంచి, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడే జంటలకి మారతాం. ఇన్నాళ్లూ సూర్యుడి దయవల్ల బయటపడని లోపాలన్నీ అప్పుడు బయటపడతాయి. కాబట్టి ఈసారి జట్టు డబ్బు నా చేతికిస్తే ఖర్చు వరస ఇలా ఉంటుంది: రెండు రిగ్గులకీ మంచి బ్యాండ్‌పాస్ ఫిల్టర్లు, 80, 40, 20 మీటర్లకి స్టబ్బులు, ఫెరైట్ రింగులు, రేడియల్స్ కోసం రెండు చుట్టల తీగ, వెదురు గెడలు. ఆ తర్వాత మిగిలితే 12 మీటర్ల మాస్టు మీద, 325 డిగ్రీల దగ్గర బిగించిన ఒక మామూలు ట్రైబ్యాండర్ (మూడు బ్యాండ్ల బీమ్). లీనియర్ ఈ జాబితాలో లేదు. 160 మీటర్లకి ప్రత్యేకంగా ఏమీ కొనను. 80 ఇన్వర్టెడ్-ఎల్‌కే అడుగున ఒక లోడింగ్ కాయిల్ (పొట్టి తీగని పొడవు తీగలా పనిచేయించే చుట్ట) కలిపి, తెల్లవారుజామున దొరికినన్ని మల్టిప్లయర్లు ఏరుకుంటే చాలు.